ఎవరిని అడగాలి?

ఆగస్టు వచ్చిందంటే డాలస్ ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే గేటు దగ్గర తెలుగు బాగా వినిపిస్తుంది. బరువైన పెట్టెలు రెండేసి తోసుకుంటూ వచ్చే పిల్లలు, ఫోన్‌లో వాళ్ల ఫొటో చూసుకుంటూ ఎదురుచూసే సీనియర్లు. 2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక చెబుతోంది. ఆ ఏడు చైనాను దాటి మన దేశమే మొదటి స్థానంలో నిలిచింది. వాళ్లలో తెలుగు పిల్లలెందరో ఆ నివేదికలో ఉండదు. రిచర్డ్‌సన్, డెంటన్, ఆర్లింగ్టన్ లాంటి యూనివర్సిటీ ఊళ్లలో అపార్ట్‌మెంట్ మెట్లెక్కితే పోపు వాసనే చెబుతుంది.

ఈ కింది సంవాదంలో ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. వదినగారు ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో పనిచేస్తున్నారు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్ల రికార్డులు చూసే డీఎస్ఓ ఆవిడ. మరిది పక్క ఊళ్లో ఇంకో యూనివర్సిటీలో ఎం.ఎస్. రెండో ఏడు చదువుతున్నాడు. కొత్తగా వచ్చే జూనియర్లకు పికప్‌లు, రూములు కుదిర్చే సీనియర్లలో అతనొకడు. ఇలాంటి వదినలూ మరుదులూ ఇక్కడ చాలామందే ఉన్నారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది.

మరిది: వారమంతా ఎయిర్‌పోర్టుకీ ఇంటికీ తిరగడమే సరిపోయింది వదినా. అడుగుతున్నానని అనుకోకండి, మీ ఆఫీసువాళ్లు ఒక్కడికైనా కారు పంపారా?

వదిన: పంపలేదు. కొన్నిచోట్ల ఆ ఏర్పాటు ఉంది, మా దగ్గర లేదు. నువ్వు చేసేది చిన్న పని అని నేనెప్పుడూ అనలేదే! నా గొడవంతా వాళ్లని దింపిన తర్వాత జరిగేదాని గురించి.

మరిది: అసలు పని అక్కడే ఉంది. టెక్సస్‌లో చాలా ఊళ్లలో కరెంటు కంపెనీని అద్దెకు దిగేవాడే వెతుక్కోవాలి, దిగే తేదీ చెప్పి ముందే కనెక్షన్ పెట్టించుకోవాలి. మన దగ్గర మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది, నెలనెలా బిల్లు కట్టడమే మన పని. ఇక్కడ అలా కాదని కొత్తవాడికి ఎవరు చెబుతారు? నలభై డిగ్రీల ఎండలో తాళం తీసి లోపలికెళ్తే ఏసీ తిరగదు, ఫ్రిజ్ పనిచేయదు, పడుకోవడానికి కార్పెట్ తప్ప ఏమీ ఉండదు. ఆ రాత్రి మా రూములో ఎయిర్‌బెడ్ వేసి, ఇంత అన్నం, గోంగూర పచ్చడి పెట్టేది మేమే. మొన్న ఒకడు మొదటిసారి స్టవ్ వెలిగించి, ఎండుమిరపకాయలు నూనెలో వేశాడో లేదో స్మోక్ అలారం మోగింది. వాడు గరిటె పట్టుకునే కారిడార్లోకి పరిగెత్తాడు. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యాలిరా, కిటికీ తెరవాలిరా, మోగితే అట్టముక్కతో దాని కింద విసరాలిరా అని నేర్పింది పక్క ఫ్లాట్‌లో ఉండే మనవాడే. ఏ ఓరియంటేషన్‌లో చెబుతారండీ ఇవి?

వదిన: చెప్పరు, ఒప్పుకుంటాను. మరి లీజు గురించి మీరేం చెప్పారు?

మరిది: లీజులో ఏముంది? నలుగురూ సంతకం పెడతారు, అద్దె నాలుగు భాగాలు చేసుకుంటారు.

వదిన: ఆ నాలుగు భాగాలు మీ మధ్య మాట. కాగితంలో మామూలుగా ఉండేదేమిటంటే, నలుగురిలో ప్రతి ఒక్కడూ మొత్తం అద్దెకు బాధ్యుడే. డిసెంబర్లో ఒకడు వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్లిపోతే వాడి భాగం మిగిలిన ముగ్గురి నెత్తిన పడుతుంది. విద్యార్థులకు ఉచితంగా లాయర్ సలహా ఇచ్చే ఆఫీసు చాలా యూనివర్సిటీల్లో ఉంది. అక్కడ చూపించుకున్నవాడు ఒక్కడున్నాడా మీ జూనియర్లలో?

మరిది: సంతకం ఇండియాలో ఉండగానే పెట్టాలి వదినా. లేకపోతే రూము చెయ్యి జారిపోతుంది.

వదిన: రాయడానికి ఈమెయిల్ ఉందిగా. ఇక్కడికొచ్చే అడగాలని ఏముంది? నేను మొత్తుకునేది దీని గురించే. మన పిల్లల్లో చాలామంది మా దగ్గరికి ప్రశ్నతో రారు. "మా సీనియర్ ఇలా చెప్పాడు మేడం, చేసేశాను, ఫర్వాలేదు కదా?" అంటూ వస్తారు. అప్పటికే చేసేసి ఉంటారు!

మరిది: సీనియర్ చెప్పేది వాడు పడ్డ అనుభవం. మీది రూలు. రూలు చదివితే బతకడం వస్తుందా?

వదిన: అనుభవం ఎవడిది, ఏ యూనివర్సిటీది, ఏ ఏడాదిది? ఒక్కటి చెబుతా విను. మొదటి సెమిస్టర్ మిడ్‌టర్మ్‌లో మార్కులు తక్కువొస్తాయి. రూములో ఒకడు "ఆ కోర్సు డ్రాప్ కొట్టెయ్‌రా, జీపీఏ పోతుంది" అంటాడు. పోర్టల్లో అది ఒక్క క్లిక్కు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి చాలాచోట్ల సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు ఉండాలి. మూడు పోతే ఆరు. చెప్పకుండా అలా తగ్గించుకుంటే స్టేటస్ తప్పినట్టే. ఆ క్లిక్కు కొట్టేముందు మా దగ్గరికొస్తే ఏమవుతుందో తెలుసా? ఇంగ్లీషులో పాఠం అందకపోవడం, చదవాల్సినవి మోయలేకపోవడం, ఇక్కడ చెప్పే పద్ధతి కొత్త కావడం, తన స్థాయికి తగని కోర్సులో పడటం, వీటిని కారణాలుగా ఒప్పుకోవచ్చని నిబంధనల్లోనే రాసుంది. డీఎస్ఓ ముందుగా అనుమతిస్తే కనీసం సగం లోడుతో ఆ సెమిస్టర్ గట్టెక్కవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు, తర్వాతి సెమిస్టర్‌కి మళ్లీ పూర్తి లోడు తీసుకోవాలి. కొత్తగా వచ్చినవాడు తడబడతాడని ప్రభుత్వానికి తెలుసు. తడబడ్డానని చెప్పుకోవడానికి మనవాడికే నామోషీ.

మరిది: నామోషీ కాదు వదినా, భయం. మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను. రేపు ఒక జూనియర్ మీ ఆఫీసుకొచ్చి, "మేడం, నేను గ్యాస్ స్టేషన్లో క్యాష్ జాబ్ చేస్తున్నాను, ఏం చెయ్యమంటారు?" అని నిజం చెప్పాడనుకోండి. మీరేం చేస్తారు?

వదిన: ...

మరిది: చెప్పండి.

వదిన: నేను తెలిసి కూడా తెలియనట్టు ఉండలేను. స్టేటస్ తప్పిన సంగతి విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ సెవిస్‌లో నమోదు చెయ్యడం నా ఉద్యోగంలో భాగం.

మరిది: అదీ సంగతి. సాయం చేసే మనిషీ మీరే, రిపోర్టు రాసే మనిషీ మీరే. ఇక వాడు మనసు విప్పి ఎవరితో చెప్పుకోవాలి? అందుకే మా రూముకొస్తాడు. 2025 ఏప్రిల్ గుర్తుందా? ఎప్పుడో ట్రాఫిక్ టికెట్ పడ్డవాళ్ల సెవిస్ రికార్డులు కూడా టెర్మినేట్ చేశారు. ఆ నెలంతా మా అపార్ట్‌మెంట్లలో ఎవరికీ నిద్రల్లేవు. పార్ట్‌టైం మాట అటుంచి, కారు తీయడానికే భయపడ్డారు.

వదిన: మాకు మాత్రం నిద్రపట్టిందనుకున్నావా? ఆ రికార్డులు తీసేసింది యూనివర్సిటీలు కాదు. ముందుగా మాకు చెప్పలేదు కూడా. రోజూ పొద్దున్నే సెవిస్ తెరిచి, మా పిల్లల పేర్లు ఒక్కొక్కటీ ఉన్నాయా లేవా అని చూసుకునేవాళ్లం. పోయినట్టు కనబడితే వాడికి మేమే ఫోన్ చేసి చెప్పేవాళ్లం. కోర్టుల్లో కేసులు పడ్డాక ఆ నెలాఖరుకు ప్రభుత్వం వెనక్కి తగ్గి, తీసేసినవాటిని మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. ఇంతకీ ఆ గొడవలో ముందుగా నిలదొక్కుకున్నది ఎవరనుకున్నావు? ఫోన్ రాగానే కంగారుపడి టికెట్ కొనేయకుండా, డీఎస్ఓతో మాట్లాడి, ఆ రోజే లాయర్ని పట్టుకున్నవాళ్లు. నువ్వడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తి చెయ్యలేదు. పని మొదలుపెట్టకముందు వచ్చినవాడికి నేను వంద దారులు వెతుకుతాను. మొదలుపెట్టాక వచ్చినవాడికి నా దగ్గర చెప్పొద్దు, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లు అని చెబుతాను. వాడు లాయర్‌తో చెప్పింది లాయర్ దగ్గరే ఉంటుంది. మీ సీనియర్ల గ్రూపులో ఈ తేడా ఎవరికైనా చెప్పారా? "ఆఫీసుకి మాత్రం వెళ్లకు" అన్న ఒక్క మాటే అందరికీ అప్పజెప్పారు. దాంతో భయపడాల్సినవాడితో పాటు భయపడక్కర్లేనివాడు కూడా మా గుమ్మం తొక్కడం మానేశాడు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. మరిది అడిగింది న్యాయమైన ప్రశ్న. డీఎస్ఓ విద్యార్థి వైపు మనిషీ, ప్రభుత్వం ముందు జవాబుదారీ కూడా. ఈ మెలిక దాచిపెట్టి "అన్నీ మాతో చెప్పండి" అనడం తప్పు. ఏది ఎవరితో చెప్పాలో విడమరిచి ఓరియంటేషన్‌లో మొదటి రోజే చెప్పాలి: క్రెడిట్లు, పని, ట్రాన్స్‌ఫర్, అడ్రసు మార్పు లాంటివి చెయ్యకముందే డీఎస్ఓని అడగాలి, జరిగిపోయిన పొరపాటు ముందు లాయర్‌కి చెప్పాలి, మనసు బాగోకపోతే యూనివర్సిటీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాలి, ఆయన దగ్గర చెప్పింది వీసా ఫైల్లోకి చేరదు. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలన్న చిన్న నియమం దగ్గర కూడా మన పిల్లలు తెలియక చిక్కుకుంటున్నారు. ఆ చిక్కులు తల్లిదండ్రులకు చెప్పలేక ఒక్కళ్లే మింగుతున్నారు.

మరిది: లాయర్ ఫీజు ఎవరిస్తారు? అదలా ఉంచండి. మీరు మా గ్రూపుని అపోహల పుట్టలా చూస్తున్నారు. పోయిన చలికాలంలో మాతో ఉన్నవాడొకడు వంట వంతు తప్పాడు. మొదటి రోజు నిద్రపోయాడనుకున్నాం. రెండోసారి తప్పాడు, అన్నం వడ్డిస్తే కదిలించి వదిలేశాడు. అప్పుడు తెలిసింది మాకు. వాడు వారం నుంచి క్లాసుకి పోవట్లేదు, ఇంటికి ఫోన్ చేసి మాత్రం "బానే ఉన్నానమ్మా" అంటున్నాడు. మీ కంప్యూటర్‌కి ఈ సంగతి ఎప్పటికి తెలిసేది?

వదిన: సెమిస్టర్ చివర గ్రేడ్లు పడ్డాక.

మరిది: అప్పటికి?

వదిన: ఆలస్యమైపోయేది. ఈ విషయంలో మీరు చేసినదానికి నేను చేతులెత్తి దండం పెడతాను. తర్వాత ఏం చేశారు?

మరిది: పక్కన కూర్చున్నాం. ఒంటరిగా వదల్లేదు. సినిమా పెట్టాం, బలవంతంగా తినిపించాం. వాళ్ల బావ హ్యూస్టన్‌లో ఉంటే పిలిపించాం.

వదిన: కౌన్సిలర్?

మరిది: వెళ్లనన్నాడు. ఇంగ్లీషులో నా బాధ ఏం చెప్పుకోను అన్నాడు. నిజమే కదా వదినా, నాకైనా రాదు.

వదిన: సగం మాటలు రాకపోయినా నిద్రలేదు, తినబుద్ధి కావట్లేదు అన్న రెండు ముక్కలు చాలు వాళ్లకి మొదలుపెట్టడానికి. మొదటిసారి నువ్వు బయట కుర్చీలో కూర్చుంటానంటే వెళ్లేవాడేమో. రాత్రిపూట భయమేస్తే 988కి ఫోన్ చెయ్యొచ్చు, దేశమంతా పనిచేస్తుంది. డాక్టర్ చెబితే చదువు భారం తగ్గించుకోవడానికి కూడా మా దగ్గర అనుమతి ఉంది, మొత్తం కలిపి 12 నెలల దాకా. ఆ ఒక్క కాగితం వాడి సెమిస్టర్‌ని కాపాడేది.

మరిది: ఆ సంగతి నాకు తెలియదు.

వదిన: తెలియకపోవడం నీ తప్పు కాదు. తెలియనప్పుడు అడగాల్సిన చోట మీరు మళ్లీ మీ గ్రూపులోనే అడుగుతున్నారే, అక్కడుంది చిక్కంతా. ఇంకోటి. మీ డ్రైవ్‌లో పాత అసైన్‌మెంట్లు పెట్టి జూనియర్లకు లింకు ఇస్తున్నారట?

మరిది: చూసి అర్థం చేసుకోమని. ఇంజినీరింగ్‌లో ల్యాబ్ రికార్డు ఎవడు సొంతంగా రాశాడు చెప్పండి? ఒకడు రాస్తే క్లాసంతా చూసి దించేది.

వదిన: అక్కడ లెక్చరర్‌కీ తెలుసు, సంతకం పెట్టేసేవాడు. ఇక్కడ దించినవాణ్ణీ, ఇచ్చినవాణ్ణీ ఇద్దర్నీ పిలుస్తారు. కోర్సులో ఎఫ్ రావచ్చు, సస్పెండ్ కావచ్చు. సస్పెండ్ అయితే చదువుతో పాటు వీసా స్టేటస్ కూడా పోతుంది. ప్రొఫెసర్ వారానికి కొన్ని గంటలు విద్యార్థుల కోసమే తలుపు తెరిచి కూర్చుంటాడు, ఎవరొస్తారా అని చూస్తాడు. మన పిల్లలు వెళ్లరు. చిన్నప్పటి నుంచి స్టాఫ్‌రూముకి పిలిచారంటే తిట్లకే కదా మరి.

మరిది: అదీ నిజమే. నేను మొదటి సెమిస్టర్ అంతా వెళ్లలేదు.

వదిన: ఇక పెద్ద సంగతికొద్దాం. ఫార్మింగ్టన్.

మరిది: తెస్తారనుకున్నాను.

వదిన: తేక ఏం చెయ్యను? 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ. మూతపడితే మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు, ఢిల్లీ నుంచి నిరసన తెలపాల్సి వచ్చింది. ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో మిచిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్. క్లాసు లేదు, టీచరు లేడు. ముందు పట్టుకున్న 130 మందిలో 129 మంది మన దేశంవాళ్లు, అందులో తెలుగు పిల్లలే ఎక్కువని మన పత్రికలన్నీ రాశాయి. వాళ్లని అక్కడ చేర్పించిందెవరు? మనవాళ్లే. తలకింత అని డబ్బు తీసుకుని మరీ చేర్పించారు.

మరిది: సగమే చెబుతున్నారు వదినా. ఆ ఫార్మింగ్టన్‌ని పెట్టిందెవరు? ఇమిగ్రేషన్ అధికారులే కదా, వల పన్నడానికి! ప్రభుత్వ జాబితాలో దాని పేరుంది, గుర్తింపు ఉన్నట్టు చూపించారు. సీనియర్ మాట నమ్మకుండా అధికారిక వెబ్‌సైట్ చూసుకున్నవాడికి కూడా అది నిజమైన యూనివర్సిటీలాగే కనబడింది. మీరు పొమ్మనే తలుపే మోసం చేస్తే ఇంక ఎవర్ని నమ్మాలి?

వదిన: ఆ మాటకు నా దగ్గర తిరుగు లేదు. ప్రభుత్వం అలా వల పన్నడం నాకూ మింగుడుపడలేదు. కానీ చేరిన తర్వాత? నెలలు గడిచినా ఒక్క క్లాసు జరగలేదు. అప్పుడైనా ఇదేమిటని బయట ఒక్క మనిషిని, పాత యూనివర్సిటీ డీఎస్ఓనో ఒక లాయర్నో అడిగినవాళ్లు ఎందరు? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అందరం ఉన్నాం కదా అనుకున్నారు. నలుగురితో పాటు నారాయణా అని.

మరిది: వాళ్లెందుకు వెళ్లారో కూడా చూడాలి మీరు. సరదాకా? ఇంటిమీద అప్పు. మా దగ్గరికొచ్చేవాడి సంగతే తీసుకోండి. నలభై లక్షల లోను, ఊళ్లో ఇల్లు తాకట్టు. రెండో సెమిస్టర్ ఫీజు కట్టే వేళకి చేతిలో డబ్బు ఉండదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చని మీ రూలు చెబుతుంది. క్యాంపస్‌లో ఉద్యోగాలెక్కడున్నాయి? డైనింగ్ హాల్లో ఒక ఖాళీ వస్తే ఎందరు పోటీ పడతారో మీరే చూస్తున్నారు. వాడు గ్యాస్ స్టేషన్‌కి పోక ఏం చేస్తాడు?

వదిన: వీసాకి కావాల్సిన ఐ-20 ఇచ్చేముందు ఏడాదికి సరిపడా డబ్బు ఉందని బ్యాంకు కాగితం చూస్తాం కదా?

మరిది: ఆ కాగితం సంగతి మీకు తెలియదా? కన్సల్టెన్సీలు కమీషన్ తీసుకుని ఖాతాలో డబ్బు చూపిస్తాయి. వీసా రాగానే ఆ డబ్బు వెనక్కి పోతుంది. విమానం ఎక్కేటప్పటికి వాడి దగ్గర మిగిలేది మొదటి ఫీజు, ఒకటి రెండు నెలల ఖర్చు.

వదిన: తెలుసు. తెలిసి కూడా కాగితం సరిగ్గా ఉంటే నేనేమీ చెయ్యలేను. వాడు ఇక్కడ నిలదొక్కుకుంటాడా లేదా అన్నది సగం ఆ రోజే, ఆ కన్సల్టెన్సీ గదిలోనే తేలిపోయింది. ఇక్కడ నేనివ్వగలిగింది కొద్దే. ఏడాది చదువు పూర్తయ్యాక, అనుకోని ఇబ్బంది వస్తే, అంటే డబ్బు పంపే నాన్నకి ఉద్యోగం పోవడమో, రూపాయి బాగా పడిపోవడమో, పెద్ద ఆసుపత్రి ఖర్చో, బయట పనిచేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. ప్రభుత్వం ఆమోదించాలి, నెలలు పడుతుంది. మొదట్నుంచీ లేని డబ్బుని మాత్రం అనుకోని ఇబ్బంది అని రాయలేం.

మరిది: అంటే మొదటి ఏడాదికి దారి లేదు.

వదిన: డిపార్ట్‌మెంట్‌లో గ్రేడర్ పని, రీసెర్చ్ పని. దానికి ప్రొఫెసర్‌తో మాట్లాడాలి. ఆయన తలుపు దగ్గరికి మనవాడు పోడు. ఫీజు వాయిదాల్లో కట్టే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది, దానికి ఫీజులు చూసే బర్సర్ ఆఫీసుకి వెళ్లి అడగాలి. అది కూడా అడగడు. అయినా ఇవన్నీ కలిపినా నలభై లక్షలు తీరవు, నాకు తెలుసు. ఇంటి దగ్గర్నుంచి వారం వారం "తిన్నావా" అని అడుగుతారు. అడగనీ. దాంతోపాటు "చేతిలో ఎంతుంది, వచ్చే ఫీజు ఎప్పుడు కట్టాలి" అని కూడా అడగమను. వాడు చెప్పింది విని తిట్టకుండా ఉండమను.

మరిది: అది మీరే చెప్పాలి వాళ్లకి. నేను చెబితే వినరు.

వదిన: చెబుతాను. వచ్చే శనివారం మీ అపార్ట్‌మెంటుకొస్తాను, వీడియో కాల్‌లో తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టు. నేను ఆ పిల్లల డీఎస్ఓని కాదు కాబట్టి ఎవరి కేసూ అడగను, ఎవరూ చెప్పొద్దని ముందే అంటాను. అందరికీ వర్తించేవే మాట్లాడతాను. కానీ నువ్వు నాకొక పని చెయ్యాలి. మీ గ్రూపులో క్రెడిట్లు, డ్రాప్, పని, ట్రాన్స్‌ఫర్ వీటి గురించి ఎవడు అడిగినా, మీరెవరూ జవాబు చెప్పొద్దు. వాడి యూనివర్సిటీ ఆఫీసు ఈమెయిల్ మాత్రం పెట్టండి.

మరిది: తెలిసి కూడా?

వదిన: తెలిసి కూడా. నువ్వు చెబితే వాడికి ఆ ఒక్క జవాబు దొరుకుతుంది. వాడే రాస్తే రాయడం అలవాటవుతుంది.

మరిది: మరి ఆగస్టు నెలైనా మీ ఆఫీసులు శనివారం తెరవాలి. పనిరోజుల్లో వాళ్లకి క్లాసులు, బస్సు గంటకోటి. రాసిన ఈమెయిల్‌కి వారానికి జవాబొస్తే మళ్లీ మా దగ్గరికే వస్తారు.

వదిన: ఆ మాట మా డైరెక్టర్‌తో రేపే అంటాను. ఒప్పుకుంటారని మాటివ్వలేను.

మరిది: జవాబు చెప్పకుండా ఈమెయిల్ ఐడీ పెడితే సీనియర్‌కి పొగరంటారు వదినా.

వదిన: అననీ. ఫాల్ సెమిస్టర్‌లో డ్రాప్ గడువు ముగిసే వారం, ఆ క్లిక్కు కొట్టేముందు ఒక్కడు ఆ ఐడీకి రాస్తే నాకు చాలు. ఇంకో గరిటె పప్పు వేసుకో, చల్లారిపోతోంది.